మ్యూచువల్ ఫండ్ ఆఫీసులో ఫారాల డెస్క్ నుంచి ప్లాన్ లెక్కలకి మారుతున్నాను: ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో?

భీమవరం డెస్క్:

అందరికీ నమస్కారమండి. బీకాం చదివాను. భీమవరంలో ఒక మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ గారి ఆఫీసులో రెండేళ్ల నుంచి ఫారాలు నింపడం, కేవైసీ (క్లయింటు గుర్తింపు ధ్రువీకరణ), సిప్ (నెలనెలా కట్టే కిస్తీ) రిజిస్ట్రేషన్లు, స్టేట్‌మెంట్లు తీసివ్వడం నా పని. ఇప్పుడు సారు క్లయింట్ల ప్లాన్లకి లెక్కలు కూడా నన్నే వేసి పెట్టమంటున్నారు. క్లయింట్లలో సగం మంది రొయ్యలు, చేపల చెరువుల వాళ్లు, కొందరు వరి రైతులు, టీచర్లు, ఇంకొందరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు.

మూడు సందేహాలండి. మొదట ఏ పరీక్ష రాయాలి? నా స్థాయి ఉద్యోగి చెప్పకూడనివి, చేయకూడనివి ఏమిటి? మూడోది లెక్క. నెలకి 10,000 సిప్, 15 ఏళ్లు, 12 శాతం అని వేస్తే నా ఎక్సెల్‌లో 47.59 లక్షలు వస్తోంది, ఫోన్ యాప్‌లో 50.46 లక్షలు వస్తోంది. ఎక్కడ తప్పానో ఎంత చూసినా దొరకడం లేదు.

పుస్తకాల మూట:

పరీక్ష కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుందండి. బోర్డు మీద ఏం రాసుందో వదిలేయండి, ఆఫీసుకి ఏ నంబరుందో చూడండి. ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ ఇచ్చిన ఏఆర్‌ఎన్ నంబరుంటే డిస్ట్రిబ్యూటర్. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన, ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలయ్యే నంబరుంటే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వయిజర్. మీరు ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

మీది డిస్ట్రిబ్యూటర్ ఆఫీసంటున్నారు కాబట్టి, క్లయింటుతో ఫండ్ గురించి మాట్లాడి అమ్మకంలో చెయ్యి పెట్టే ఉద్యోగి సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వారి సిరీస్ 5-ఏ పరీక్ష పాసై, తన పేరు మీద ఈయూఐఎన్ (అమ్మిన ఉద్యోగిని గుర్తించే నంబరు) తెచ్చుకోవాలి. 100 ప్రశ్నలు, 2 గంటలు, 50 వస్తే పాస్. తప్పుకి మార్కులు కొయ్యరు, కాబట్టి ఒక్కటీ వదలకుండా పెట్టండి. సర్టిఫికెట్ 3 ఏళ్లే. గడువు తీరకముందే సీపీఈ అనే పునశ్చరణ క్లాసుకి కూర్చుంటే మళ్లీ రాయక్కర్లేదు, ఒక్కరోజు దాటినా మళ్లీ పరీక్షే. మీ తేదీతో పాటు మీ సారు తేదీ కూడా గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. ఆయన మర్చిపోతే ఆఫీసు పని మొత్తం ఆగుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు చెబుతాను. ఈయూఐఎన్ లేని అమ్మాయో అబ్బాయో ఫోన్లో "ఈ ఫండు బాగుందండి, వేసేయండి" అంటారు. ఫారంలో మాత్రం సారు ఈయూఐఎన్ పడుతుంది. రేపు ఫిర్యాదొస్తే ఆ సలహా ఇచ్చింది ఆయనే అని లెక్క. పోనీ గడి ఖాళీగా వదులుదామా అంటే, ఉద్యోగి సలహా ఏమీ లేకుండా తానే కొంటున్నానని క్లయింటు విడిగా సంతకం పెట్టాలి. సలహా ఇచ్చి మరీ ఆ సంతకం పెట్టించడం ఇంకా పెద్ద తప్పు.

అడ్వయిజర్ ఆఫీసులో గీత ఇంకా గట్టిగా ఉంటుంది. సెబీ 2013 అడ్వయిజర్ నిబంధనల ప్రకారం క్లయింటుతో వ్యవహరించే ప్రతి ఉద్యోగీ, హోదా ఏ పేరుతో ఉన్నా, సలహాతో సంబంధం ఉన్న వ్యక్తి కిందే వస్తాడు. మినహాయింపు గుమాస్తా పని, ఆఫీసు నిర్వహణ పని చేసేవాళ్లకే, అదీ క్లయింటుతో సంబంధం లేకపోతేనే. "నేను డేటా ఎంట్రీయే కదండీ" అంటూ రివ్యూ మీటింగులో కూర్చుని జవాబులు చెబితే ఆ మినహాయింపు పోయినట్టే. అక్కడికి ఎన్‌ఐఎస్‌ఎం 10-ఏ, 10-బీ పరీక్షలు కావాలి. ఒక్కొక్కటి 150 మార్కులు, 3 గంటలు, 60 శాతం పాస్. తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో 25 శాతం కోత. 5-ఏ రాసిన ఊపులో అన్నీ పెట్టేస్తే ఇక్కడ మునుగుతారు.

నన్నడిగితే 5-ఏ ఈ మూడు నెలల్లో రాసేయండి. తర్వాత 10-ఏ పాఠ్యపుస్తకం పరీక్ష కోసం కాకపోయినా చదవండి. డబ్బు కాలవిలువ, అప్పులు, బీమా, రిటైర్మెంట్, పన్ను అన్నీ ఒక్కచోట ఉంటాయి, మీకు అప్పజెప్పిన లెక్కలు అవే. 2-బీ అని రిజిస్ట్రార్ ఏజెంట్ల (ఫండ్ల రికార్డులు చూసే సంస్థల) సిబ్బందికి ఒక పరీక్ష ఉంది. పేరు మీకు సంబంధం లేనట్టు కనిపిస్తుంది గానీ ఫోలియో (ఫండ్ ఖాతా నంబరు), ట్రాన్స్‌మిషన్ (చనిపోయినవాళ్ల యూనిట్లు వారసులకి మార్చడం), కటాఫ్ (ఆ రోజు ధర దొరికే గడువు వేళ) లాంటి మీ రోజువారీ పనంతా దాని సిలబస్‌లోనే ఉంది. సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) మంచిదే, కానీ ఇప్పుడే కాదు. ఇన్వెస్ట్‌మెంట్, రిటైర్మెంట్–పన్ను, రిస్క్–ఎస్టేట్ అని మూడు మెట్లు, పైన సమగ్ర ప్లాన్. జీతంలోంచి ఫీజు కట్టుకునేవాళ్లు తొందరపడొద్దు.

ఇంకొకటి. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి వెళ్లే కాగితం మీద "వెల్త్ అడ్వయిజర్" లాంటి మాట ఉండకూడదు. మీరు తయారుచేసే షీట్ల టెంప్లేట్లో పాత హెడ్డింగు మిగిలిపోయిందేమో చూడండి.

కౌంటర్ 3:

పరీక్షల సంగతి పైన చెప్పేశారు. ప్లాన్ ఎంత బాగా వేసినా ఫారం వెనక్కొస్తే అదంతా వృథా, కాబట్టి నేను కాగితాల వైపు చెబుతాను.

ఏ క్లయింటు ఫైలు తెరిచినా ముందు పాన్ కొట్టి కేవైసీ రికార్డులు ఉంచే కేఆర్‌ఏ సైట్లో కేవైసీ స్థితి చూడండి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ మాటలకి విలువ పెరిగింది. "వాలిడేటెడ్" అంటే ఏ ఫండ్ హౌస్‌లోనైనా కొత్తగా పెట్టొచ్చు. "రిజిస్టర్డ్" లేదా "వెరిఫైడ్" అంటే ఇప్పటికే ఉన్న హౌసుల్లో నడుస్తుంది, కొత్త హౌస్‌కి మళ్లీ కేవైసీ కాగితాలివ్వాలి. "హోల్డ్" అంటే ఏదో తేలలేదు. ఎక్కువసార్లు మొబైలో ఈమెయిలో ధ్రువీకరణ కాకపోవడమే. "హోల్డ్" కనిపించగానే కొత్త ఫారం నింపేయకండి, కారణం పట్టుకుని దాన్నే సరిచేయండి. క్లయింటుకి ఈమెయిల్ లేదని ఆఫీసు మెయిలూ, ఫోన్ లేదని మీ నంబరూ వేసే అలవాటుంటే ఇవాళే మానేయండి. కుటుంబంలోవాళ్ల నంబరైతే అది ఎవరిదో డిక్లరేషన్ గడి ఉంటుంది.

మన జిల్లాల్లో అసలు తలనొప్పి పేర్లు. ఇంటిపేరు ముందు, పైగా వెంకట, సత్య, సూర్య అని రెండు మూడు మాటలు. బ్యాంకు పాసుపుస్తకంలో పొడి అక్షరాలు, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర. ఆడవాళ్లకైతే ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. లక్ష్మి అన్న మాటకే ఇంగ్లిషులో చివర ఐ ఒకచోట, డబుల్ ఈ ఇంకోచోట. దీనికి ఒక్కటే పద్ధతి: పాన్‌ని మేకులా పాతుకోండి. ఫారంలో పేరూ పుట్టినతేదీ పాన్‌లో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా. పాన్‌లోనే తప్పుంటే ముందు దాన్నో ఆధార్‌నో సరిచేయించి, లింకు చూసుకుని, ఆ తర్వాతే కేవైసీ. ఈ వరస తిరగబడితే మూడుసార్లు తిరుగుతారు. చిరునామా కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక, ఆధార్‌లో తూర్పు గోదావరి ఉన్నవాళ్ల పాసుపుస్తకంలో కోనసీమ జిల్లా ఉంటోంది. ఏ పత్రం జతచేస్తున్నారో దానిలో ఉన్నట్టే రాయండి, మీరు సవరించకండి.

కటాఫ్ గురించి క్లయింట్లకి సగం సగం చెబుతుంటారు. ఈక్విటీ ఫండ్లకి మధ్యాహ్నం 3 గంటలు, లిక్విడ్, ఓవర్‌నైట్‌లకి (కొద్దికాలం డబ్బు దాచే ఫండ్లు) కొనుగోలుకి 1:30. అయితే 2021 ఫిబ్రవరి 1 నుంచి ఫారం సమయానికి అందితే చాలదు, డబ్బు కూడా ఆ లోపు ఫండు ఖాతాలో పడాలి. సోమవారం చెక్కు ఇచ్చి సోమవారం ఎన్‌ఏవీ (యూనిట్ ధర) అడిగితే రాదు. లిక్విడ్‌లో 1:30 లోపు డబ్బూ ఫారమూ రెండూ చేరితే ముందురోజు ఎన్‌ఏవీ దొరుకుతుంది, అందుకే పెద్ద మొత్తాలు పొద్దున్నే ఆర్‌టీజీఎస్ చేయించండి.

యూనిట్లు తక్కువొచ్చాయని ఫోన్ చేసేవాళ్లకి చెప్పేందుకు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 2020 జులై 1 నుంచి కొనుగోలు మీద 0.005 శాతం స్టాంపు డ్యూటీ ఉంది. 1,00,000 పెడితే 5 రూపాయలు పోయి 99,995కే యూనిట్లొస్తాయి. ఎన్‌ఏవీ 50 అయితే 2000 కాదు, 1999.900. మీ షీటుకీ స్టేట్‌మెంటుకీ ఈ చిన్న తేడా వస్తే వెతుక్కుంటూ కూర్చోకండి.

వేరేవాళ్ల ఖాతా నుంచి డబ్బు కట్టకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. మైనర్ విషయంలో తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకుల ఖాతా నుంచి కట్టొచ్చు, కానీ వెనక్కి తీసినప్పుడు డబ్బు మైనర్ పేరున్న ఖాతాకే వెళ్తుంది. ఆ ఖాతా ముందే తెరిపించండి, ఫీజు కట్టాల్సిన వారంలో పరుగులు పెట్టొద్దు. గల్ఫ్ వెళ్లినవాళ్ల పాత సేవింగ్స్ ఖాతా ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతా) కిందికి మారాలి, కేవైసీలో హోదా కూడా ఎన్‌ఆర్‌ఐగా మారాలి. అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ల డబ్బు కొన్ని ఫండ్ హౌసులు తీసుకోవు, కొన్ని షరతులతో తీసుకుంటాయి. ప్లాన్లో ఫండు పేరు రాయకముందే అది కనుక్కోవాలి.

సంతకం పెట్టించి ఖాళీగా ఉంచిన ఫారాలు మీ బీరువాలో ఉంటే చింపేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ కాపీలు కూడా పని కాగానే తీసేయండి, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

ఎక్సెల్ గట్టు:

మీ లెక్కా తప్పు కాదు, యాప్ లెక్కా తప్పు కాదు. 12 శాతాన్ని నెలకి ఎలా మార్చారన్న దగ్గరే తేడా.

యాప్ 12ని 12తో భాగించి నెలకి 1 శాతం వేసింది. నెలకి 1 శాతం చొప్పున ఏడాది తిరిగేసరికి 12.68 శాతం అవుతుంది. మీరు 1.12కి పన్నెండో మూలం తీశారు, అంటే నెలకి 0.9489 శాతం. ఇది ఏడాదికి ఖచ్చితంగా 12. కిస్తీ నెల మొదట్లో కడితే మొదటి పద్ధతిలో 50,45,760, రెండో పద్ధతిలో దాదాపు 47,59,300. తేడా 2.86 లక్షలు. ఫండు రాబడి అని మనం చెప్పేది ఏడాదికి చక్రవడ్డీ రేటు కాబట్టి ప్లాన్లో మీదే వాడండి. క్లయింటు ఫోన్ తీసి చూపిస్తాడు కాబట్టి షీటు అడుగున ఏ పద్ధతో ఒక ముక్క రాయండి.

ఇదే కోవలో ఇంకో పొరపాటు. ద్రవ్యోల్బణం 6, రాబడి 12 అయితే నిజ రాబడి 6 అని తీసివేసేస్తారు. 1.12ని 1.06తో భాగించి 1 తీసేయాలి, 5.66 వస్తుంది. రిటైర్మెంట్ లెక్కలో పాతికేళ్ల మీద ఇది చిన్న తేడా కాదు. చదువుల ఖర్చుకి మామూలు ద్రవ్యోల్బణం వేయకండి, విడిగా పెట్టండి. ఇవాళ 10 లక్షలయ్యే కోర్సు 8 శాతం చొప్పున 12 ఏళ్లకి 25.18 లక్షలు.

ఎక్స్‌ఐఆర్‌ఆర్ (వేర్వేరు తేదీల కిస్తీలకి ఏడాది రాబడి తీసే ఎక్సెల్ ఫార్ములా) వాడేటప్పుడు పెట్టిన డబ్బు మైనస్, వచ్చింది ప్లస్, చివరి వరసలో ఇవాళ్టి విలువ ఇవాళ్టి తేదీతో. ఎర్రర్ వస్తే నూటికి తొంభై సార్లు తేదీల గొడవే. రోజు ముందా నెల ముందా అన్నది కంప్యూటర్ సెట్టింగుని బట్టి మారి, 05-03 కాస్తా మే 3 అయి కూర్చుంటుంది. 12 దాటిన రోజులున్న తేదీలైతే అసలు తేదీగా మారక మామూలు అక్షరాల్లా గడికి ఎడమ పక్కన ఒదిగిపోతాయి. కుడి పక్క ఉన్నవీ ఎడమ పక్క ఉన్నవీ కలిసి కనిపిస్తే అక్కడ ఆగండి. అంకెలు చేత్తో కొట్టకుండా రిజిస్ట్రార్లు క్యామ్స్, కేఫిన్‌టెక్‌లు ఇచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ నుంచే తీసుకోండి.

ఏడాది నిండని పెట్టుబడికి ఎక్స్‌ఐఆర్‌ఆర్ చూపించడం మానేయండి. లక్ష పెడితే ఆరు నెలల్లో 1.05 లక్షలైంది, చేతికొచ్చిన లాభం 5 శాతం. షీటు 10.25 చూపిస్తుంది. క్లయింటు దాన్నే పట్టుకుని మళ్లీ అదే కావాలంటాడు.

పన్ను వరసకి: 2024 జులై 23 నుంచి ఈక్విటీ ఫండ్లలో 12 నెలలు దాటితే ఏడాదికి 1.25 లక్షల పైబడిన లాభం మీద 12.5 శాతం, లోపైతే 20 శాతం. 2 లక్షల దీర్ఘకాల లాభముంటే 75,000 మీద 9,375, సెస్సుతో 9,750. ఇతర ఆదాయమే పన్ను పరిమితి దాటినవాళ్లకి ఈ లెక్క. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్, లిక్విడ్ ఫండ్ల లాభానికి ఎన్నాళ్లున్నా శ్లాబు రేటే. సిప్‌లో ముందు కొన్నవే ముందు అమ్ముడైనట్టు లెక్క. సరిగ్గా 13వ నెలలో మొత్తం తీసేస్తే ఏడాది దాటింది మొదటి కిస్తీ మాత్రమే. పాత నోట్సులో సెక్షన్ నంబర్లు బట్టీపట్టకండి, 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి నంబర్లన్నీ మారాయి.

దాళ్వా:

పై లెక్కలన్నీ నెల జీతం ఉన్నవాళ్లకి సరిపోతాయండి. మన వైపు ఫారంలో "నెల ఆదాయం" అన్న గడే తప్పు. దాన్ని కొట్టేసి ఏప్రిల్ నుంచి మార్చి దాకా 12 గళ్లు గీయండి. సార్వా (తొలి పంట) కోత నవంబరు, డిసెంబరు. దాళ్వా (రెండో పంట) కోత ఏప్రిల్. వన్నామీ రొయ్య పిల్ల వేసిన 100–120 రోజులకి పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం). మధ్యలో గళ్లన్నీ ఖర్చే.

ధాన్యం ఆదాయం బస్తాల్లో చెబుతారు, మన డెల్టాలో బస్తా 75 కిలోలు. మద్దతు ధర క్వింటాలుకి. ఎకరాకి 35 బస్తాలంటే 26.25 క్వింటాళ్లు. 2025–26 సాధారణ రకం ధర 2,369 చొప్పున 62,186 రూపాయలు. డెస్క్ మీద కూర్చున్నవాళ్లు బస్తానే క్వింటాలనుకుంటే అది 82,915 అవుతుంది. ఎకరాకి ఇరవై వేలు గాల్లో పుట్టినట్టు. పది ఎకరాల మీద చూడండి మరి. అందులోంచి మక్తా (కౌలు) పోవాలా, లేక మక్తా ఇతనికే రావాలా అన్నది అడక్కపోతే లెక్క పూర్తిగా తలకిందులే.

చెరువుల వాళ్లని "పట్టుబడికి ఎంతొస్తుంది?" అని అడిగితే పెద్ద అంకె చెబుతారు. "మేత బాకీ పోగా ఎంత?" అని అడగండి. పెట్టుబడిలో పెద్ద వాటా మేతదే, అది డీలర్ ఖాతాలో అప్పుగా నడిచి పట్టుబడి రోజున కోతపడుతుంది. వైట్ స్పాట్ తెగులు కనిపిస్తే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న సైజు) రాకముందే పట్టేయాలి, ఆ పంటకి మిగిలేది సున్నా. అందుకని అత్యవసర నిధికి ఆరు నెలల ఇంటిఖర్చు అన్న సూత్రం వీళ్లకి చాలదు. ఇంటిఖర్చుకి తోడు ఒక పంట పెట్టుబడి మొత్తం లిక్విడ్‌లో ఉండాలి. 12 లక్షల పంటైతే 12 లక్షలూ. అది నిండకుండా ఈక్విటీ వరస మొదలుపెట్టొద్దు.

వీళ్లకి నెలవారీ సిప్ పెడితే మూడో నెలకి ఖాతా ఖాళీ. వరసగా 3 నెలలు వెనక్కిపోతే సిప్ రద్దయిపోతుంది, ప్రతిసారీ బ్యాంకు చార్జీ అదనం. పట్టుబడి డబ్బు లిక్విడ్‌లో వేసి అక్కడి నుంచి నెలనెలా కొంత ఈక్విటీకి మారే ఎస్‌టీపీ పెట్టండి. 6 లక్షలుంటే నెలకి 50,000 చొప్పున 12 నెలలు.

పుస్తకాల మూట:

ఎస్‌టీపీ మంచిదే గానీ రెండు ముక్కలు కలపాలి. ప్రతి కిస్తీ లిక్విడ్‌లో అమ్మకం, ఈక్విటీలో కొనుగోలు. లిక్విడ్ ఏడాదికి 6.5 శాతం ఇచ్చిందనుకుంటే మొదటి నెల 50,000లో లాభం సుమారు 270, చిన్నదే అయినా శ్లాబు పన్నులో చూపించాలి. రెండోది, ఈక్విటీలో చేరిన ప్రతి కిస్తీకి 12 నెలల గడియారం విడిగా మొదలవుతుంది, ఎగ్జిట్ లోడ్ (తొందరగా తీస్తే పడే కోత) కూడా అంతే. వచ్చే సీజన్‌కి అక్కరపడే డబ్బైతే ఎస్‌టీపీ వద్దు, లిక్విడ్‌లోనే ఉంచండి. లిక్విడ్‌కీ మొదటి 6 రోజులు చిన్న ఎగ్జిట్ లోడ్ ఉంటుంది: మొదటి రోజు 0.0070 శాతం, అక్కడి నుంచి రోజుకి కాస్త తగ్గుతూ ఏడో రోజుకి సున్నా.

భీమవరం డెస్క్:

చాలా థ్యాంక్సండి అందరికీ. తేదీల గొడవ నా షీట్లోనూ ఉంది, ఎడమ పక్క గళ్లు పదకొండు దొరికాయి. ఒక్క సందేహం. చెరువుల క్లయింట్లందరికీ పన్ను గడిలో "వ్యవసాయం, పన్ను లేదు" అని రాసి ఉంది. అలాగే ఉంచొచ్చా?

దాళ్వా:

ఉంచకూడదు. మనం రొయ్యల రైతు అంటాం గానీ పన్ను చట్టం దృష్టిలో రొయ్యల, చేపల పెంపకం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. కేవైసీలో వృత్తి గడి వేరు, మీ ప్లాన్లో పన్ను వరస వేరు, రెంటినీ కలపకండి. వరి మీద వచ్చిందే వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. అయితే అది 5,000 దాటి, మిగతా ఆదాయం కూడా పన్ను పరిమితి దాటితే రేటు లెక్కకట్టడానికి దాన్నీ కలుపుతారు. అంటే ఇటు చెరువు, అటు చేను ఉన్నవాళ్ల షీట్లో రెండు వరసలు విడివిడిగా ఉండాలి. ఎంత పన్నో మీరు తేల్చొద్దు. పోయినేడు వేసిన రిటర్న్ కాపీ అడిగి అందులో ఏ పద్దు కింద చూపించారో అదే మీ షీట్లో ఎక్కించండి. రెంటికీ పొంతన లేకపోతే పసుపు రంగు వేసి సారు ముందు పెట్టండి, ఆడిటర్ గారితో మాట్లాడేది ఆయనే.